కాలేయము క్రొత్తది, కంఠము పాతది

2007వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరపు వైద్యులు ఒక పరిశోధన పత్రమును ప్రకటించిరి. మద్యపానము వలన కాలేయము గట్టిపడి, గడ్డలుకట్టి, పనికిరాకుండ పోయిన 305 మంది రోగులకు ఆ కాలేయమును తీసివేసి, మరియొకరి కాలేయమును అమర్చగా, తరువాత వారి గతి ఏమైనదో ఆ పత్రము పరిశీలించినది. నిర్ణయమంతయు పత్రము పేరులోనే ఇమిడియున్నది. మార్పిడి పిమ్మట ఈ రోగుల ఆయుర్దాయమునకు దెబ్బ తీయుచున్నది మరల త్రాగుట కాదు, క్రొత్తగా పుట్టుచున్న క్యాన్సరులు అని దాని సారాంశము.

ఈ మాట చదివినవానికి సహజముగా తోచునది ఒకటి కలదు. "మార్పిడి అయినది, ఇక భయపడవలసినది క్యాన్సరునకే గాని సీసాకు కాదు" అని అతడు అనుకొనును. అట్లనుకొన్నవాడు రోగియే అయినచో ఆ తలంపునకు వెల చాల ఎక్కువ. ఆ వైద్యులు అట్టి అర్థమును ఉద్దేశించిరని చెప్పుట న్యాయము కాదు. అయినను ఒక పత్రము పేరులోని "ఇది కాదు, అది" అను మాటల పొందిక వలన ఎంత భ్రమ కలుగవచ్చునో చూచుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. లెక్కలు సరిగా నుండియు, వాటినుండి తీయు భావము ఎట్లు తప్పుదారి పట్టునో విజ్ఞానశాస్త్రము బోధించువారు, చదువువారు గమనింపదగినది.

ముందుగా ఆ వైద్యులకు ఈయవలసిన గౌరవము ఈయవలెను. వారికి పూర్వము అందరి దృష్టియు ఒక్కచోటనే యుండెను. అమెరికాలోని డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ అను శస్త్రవైద్యుడు 1963లో మొట్టమొదట మనుష్యునకు కాలేయ మార్పిడి చేయ ప్రయత్నించెను. 1967లో గాని సఫలము కాలేదు. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పరచిన నిపుణుల సభ, ఇది ఇక ప్రయోగము కాదు, చికిత్సయే అని అంగీకరించినది. అప్పటినుండి ఒక చిక్కు ప్రశ్న తలెత్తినది. దానముగా వచ్చు కాలేయములు కొద్ది, కోరువారు పెక్కుమంది. స్వయముగా త్రాగి చెడగొట్టుకొన్నవానికి ఒకటి ఈయవచ్చునా? 1988లో స్టార్జల్, ఆయన సహచరులు త్రాగుడు రోగులు ఇతర రోగులతో సమానముగానే బ్రతుకుచున్నారని చూపించిరి. అయినను శంక తీరలేదు. ఆరు మాసములు మద్యము ముట్టక యున్నవానినే జాబితాలో చేర్చవలెనను నియమము పలుచోట్ల పాతుకొనినది. ఆ ఆరు మాసములు బ్రతుకజాలనివారి మాట యేమి? ఫ్రాన్సు, బెల్జియము దేశముల వైద్యులు 2011లో దానికి సమాధానము చెప్పిరి. మద్యము వలన కాలేయమునకు తీవ్రమైన వాపు వచ్చి, మందులకు లొంగని 26 మందికి ఆగకుండ మార్పిడి చేయగా, ఆరు మాసముల తరువాత నూటికి 77 మంది బ్రతికియుండిరి. మార్పిడి లేనివారిలో నూటికి 23 మందియే. ఆ 26 మందిలో మరల త్రాగినవారు ముగ్గురు.

ఇట్లు చాల కాలము వైద్యులు, దాతలు, పత్రికలు "మరల త్రాగెనా, లేదా" అను ఒక్క విషయమునే లెక్కించిరి. ఆ సందడిలో రోగి వేరే జబ్బుతో చనిపోవుచున్నాడని ఎత్తిచూపుట లియాన్ వైద్యులు చేసిన మేలు. చిక్కంతయు దానిని త్రాగుడునకు ఎదురుగా నిలబెట్టుటలో నున్నది.

క్యాన్సరు ఒక వ్యాధి. త్రాగుట ఒక అలవాటు. ఈ రెంటిని ఒకే త్రాసులో పెట్టి ఏది బరువో చూచుటకు వీలులేదు. చీకటిలో దీపము లేకుండ గట్టుమీద నడచినవానిని పాము కరచినది. వాడు విషము వలన చనిపోయెనే గాని, దీపము లేకపోవుట వలన కాదని ఎవరైనను వాదింతురా? మరణ పత్రములో "పాముకాటు" అని యుండుట నిజమే. అది కడపటి మెట్టు. దానికి ముందు మెట్లు కలవు. క్యాన్సరు విషయములో ఆ ముందు మెట్లలో మద్యము ఒకటియని విజ్ఞానము ఏనాడో తేల్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయములను నిశ్చయముగా క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చెను. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము—ఈ అవయవముల క్యాన్సరులకు మద్యముతో సంబంధము నేడు స్థిరపడినది.

ఇది ఎట్లు జరుగునో కొంచెము వివరింపవలసియున్నది, ఏలననగా తరువాతి వాదమంతయు దీనిమీదనే ఆధారపడును. మద్యములోని ఆల్కహాలు శరీరములో ఆమ్లజనీకరణము పొంది మొదట ఎసిటాల్డిహైడ్ అగును. అది మరల ఎసిటిక్ ఆమ్లమగును. చివరి పదార్థము సాధువు. నడిమి పదార్థము అట్లు కాదు. ఎసిటాల్డిహైడ్ జీవకణములోని డి.ఎన్.ఏ. తంతువులకు అంటుకొని వానిని చెరుపును. ఒక్కొక్కప్పుడు రెండు తంతువులను ఒకదానికొకటి అతుకును. ఆ దెబ్బతో క్రోమోజోములు తునుకలగుట ఎలుకల రక్తమును పుట్టించు మూలకణములలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2018లో చూపించిరి. జపాను, చైనా, కొరియా దేశములలో పెక్కుమందికి ఈ ఎసిటాల్డిహైడును ఖర్చు చేయవలసిన ఎంజైము పుట్టుకతోనే బలహీనము. వారు కొంచెము త్రాగినను ముఖము ఎఱ్ఱబారును. అట్టివారు త్రాగుడు మానకపోయినచో అన్నవాహిక క్యాన్సరు వారిలో మిక్కిలి ఎక్కువ. మద్యమే కారణమనుటకు ప్రకృతి తానే చేసిన ప్రయోగము వంటిది ఇది.

ఈ మార్పు కాలేయములోనే జరుగునని సాధారణముగా బడిలో చెప్పుదురు. ఎక్కువ భాగము అక్కడనే జరుగును గాని, అంతయు కాదు. నోటిలో నివసించు సూక్ష్మజీవులు సైతము ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా మార్చగలవు. కావున గ్రుక్క మ్రింగిన కొలది నిమిషములలోనే లాలాజలములో ఆ విషము చేరి, చిగుళ్ళు, నాలుక, గొంతు, అన్నవాహికల పొరను తడుపును. శస్త్రవైద్యుడు మార్చినది కాలేయమును మాత్రమే. ఆ కాలేయ కణములలోని జన్యువులు దాతవి. నాలుకమీది కణములు రోగివే. ఇరువది, ముప్పది సంవత్సరములు సారాలో నానిన ఆ నాలుక, ఆ కంఠము పాతవి పాతవిగనే యున్నవి.

1953లో స్లాటర్ మొదలైన అమెరికా శస్త్రవైద్యులు 783 మంది నోటి క్యాన్సరు రోగుల కణజాలమును సూక్ష్మదర్శినితో పరీక్షించి ఒక విచిత్రమును కనిపెట్టిరి. క్యాన్సరు పుండు ఒక్కచోట నున్నను, చుట్టుపట్ల ఆరోగ్యముగా కనిపించు పొర సైతము మారియుండెను. కొందరిలో వేర్వేరు చోట్ల వేర్వేరు పుండ్లు పుట్టుచుండెను. పొలమంతట విత్తనములు చల్లియుండగా ఒకచోట మొదట మొలక లేచినట్లన్నమాట. ఈ భావమును కాలేయ మార్పిడి రోగికి అన్వయింపగా లియాన్ లెక్కలు వేరొక విధముగా కనిపించును. మార్పిడి నాటికే ఆ పొలము చల్లబడియున్నది. మార్పిడి తరువాత అతడు చుక్కయైనను ముట్టకపోవచ్చును. అయినను పది సంవత్సరములకు గొంతులో పుండు బయటపడవచ్చును. దానిని "మరల త్రాగుట"కు జమకట్టుట తప్పు. మద్యమునకు సంబంధము లేదనుట అంతకంటె పెద్ద తప్పు. పాత త్రాగుడు, క్రొత్త త్రాగుడు అను రెండు పద్దులను విడదీయక, రెండవదానిని మాత్రమే లెక్కించి, దాని బరువు తక్కువ యనుట ఈ విమర్శకు ముఖ్య లక్ష్యము.

మరి మార్పిడి తరువాత వచ్చు క్యాన్సరులన్నియు మద్యము వలననేనా? కానే కావు. పరాయి అవయవమును శరీరము తిరస్కరింపకుండుటకు రోగి జీవితాంతము రోగనిరోధక శక్తిని అణచు మందులు పుచ్చుకొనవలెను. ఆ శక్తి సూక్ష్మక్రిములకే గాక, దారి తప్పిన కణములకు సైతము కాపలాదారు. కాపలా సడలినచో ఏమగునో 1960ల చివరనే తెలిసినది: డెన్వరులో మూత్రపిండముల మార్పిడి పొందినవారిలో లింఫు గ్రంథుల క్యాన్సరు పుట్టుచున్నదని ఇజ్రాయెల్ పెన్, స్టార్జల్ మొదలగువారు 1969లో తెలిపిరి. తరువాత వచ్చిన సైక్లోస్పోరిన్ అను మందు మార్పిడి చికిత్సనే మార్చివేసినది. దానిని సైతము 1990లో క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చవలసివచ్చినది. అమెరికాలో జరిగిన 1,75,732 మార్పిడులను—మూత్రపిండము, కాలేయము, గుండె, ఊపిరితిత్తి అన్నిటిని—కలిపి 2011లో లెక్కించగా, సామాన్య ప్రజలలో కంటె వీరిలో క్యాన్సరు రెండింతలకు కొంచెము ఎక్కువ, అనగా 2.10 రెట్లు అని తేలినది. పెదవి క్యాన్సరు, చర్మపు క్యాన్సరులు, లింఫు క్యాన్సరు ఆ జాబితాలో ముందు నిలిచినవి. వీనిలో కొన్నింటికి వైరసులు, కొన్నింటికి ఎండ తోడగును.

కావున "క్యాన్సరులు" అని ఒకే మూటగా కట్టుట రెండవ లోపము. లింఫు క్యాన్సరునకు మందులు ముఖ్య కారణము. గొంతు క్యాన్సరునకు మందులు కొంత సాయము చేయవచ్చును గాని, పునాది వేరు. ఈ భేదమును చూచుటకు సులభమైన మార్గము కలదు. వేరు కారణములవలన కాలేయము మార్పించుకొన్నవారు సైతము అవే మందులు వాడుచున్నారు. వారితో పోల్చినప్పుడు త్రాగుడు రోగులలో నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సరులు ఎక్కువగా కనిపించుచున్నవని ఐరోపాలోని పలు మార్పిడి కేంద్రములు చెప్పినవి. మందు రెండు చోట్లను ఒకటే. మిగిలిన తేడా ఎక్కడిది?

మద్యమని వెంటనే జవాబు చెప్పు విద్యార్థి కొంచెము ఆగవలెను. త్రాగువారిలో పెక్కుమంది పొగకూడ త్రాగుదురు. పొగాకు, మద్యము రెండును ఒకే పొరమీద పనిచేయును. వాని ప్రభావములు కూడికగా గాక, గుణకారముగా పెరుగును. మాటకు త్రాగుడు ఒక్కటే అపాయమును రెండింతలు, పొగ ఒక్కటే మూడింతలు చేయుననుకొందురు గాక. కూడికయే అయినచో రెండు అలవాట్లు గలవానికి నాలుగింతలు కావలెను, గుణకారమైనచో ఆరింతలు. నోటి క్యాన్సరు విషయములో నిజము గుణకారమునకే దగ్గర. ఇట్టిచోట "ఇందులో మద్యము వంతెంత, పొగాకు వంతెంత" అని విడదీసి అడుగుటయే పొరపాటు. పొలము వైశాల్యములో పొడవు వంతెంత, వెడల్పు వంతెంత అని అడిగినట్లుండును. అయితే దీనినుండి ఒక ఉపకారము కూడ కలదు. స్పెయిను దేశపు వైద్యులు 2011లో, మార్పిడి పొందినవారిలో పొగ మానినవారికి పొగాకు సంబంధమైన క్యాన్సరులు తగ్గినట్లు కనుగొనిరి. ఒక భుజమును తగ్గించినను వైశాల్యము తగ్గునుగదా.

ఇక లెక్కలు వేయు పద్ధతిలోని చిక్కులు. మార్పిడి తరువాత విపరీతముగా త్రాగినవాడు కాలేయము మరల చెడియో, సూక్ష్మజీవుల దాడివలననో మూడు నాలుగు సంవత్సరములలో చనిపోయినాడనుకొనవలెను. అతనికి క్యాన్సరు వచ్చుటకు వ్యవధియే లేదు. అతనిని "త్రాగెను గాని క్యాన్సరు రాలేదు" అను గడిలో వేయుట, పరీక్షలో మొదటి గంటకే లేచిపోయిన పిల్లవాడు కడపటి ప్రశ్నలో ఒక్క తప్పును చేయలేదని మెచ్చుకొనుట వంటిది. దీనికి విరుద్ధముగా, క్యాన్సరు కనిపించిన వెంటనే భయపడి త్రాగుడు మానివేయువారు కలరు. తరువాత విచారించినవారికి వారు "త్రాగనివారు"గా కనిపింతురు.

సంఖ్యల కొరత కూడ తక్కువది కాదు. 300 మందిలో మరల గట్టిగా త్రాగినవారు 40 మంది యనుకొన్నచో, త్రాగనివారిలో ఐదింట ఒక వంతునకు క్యాన్సరు వచ్చుచుండగా, ఈ 40 మందిలో సహజముగా 8 మందికి రావలెను. క్రొత్త త్రాగుడు అపాయమును పాతిక వంతు పెంచెనేని 10 మందికి వచ్చును. ఎనిమిదికి, పదికి గల తేడాను చూచి ఎవరు ఏమి తేల్చగలరు? నాణెమును 16 మార్లు ఎగురవేయగా 8 బొమ్మలు రావలసిన చోట 10 వచ్చినచో ఏ తరగతిలోను ఎవ్వరును ఆశ్చర్యపడరు. (ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే గాని ఏ పత్రములోనివియు కావు.) తేడా కనిపించలేదనుట వేరు, తేడా లేదనుట వేరు. పై పత్రమునే గాక, చిన్న సంఖ్యలతో వచ్చు వైద్య వార్తలలో చాలభాగమును ఈ ఒక్క వాక్యముతో జల్లెడ పట్టవచ్చును.

అసలు త్రాగినది ఎంతయో ఎవరు కొలిచిరి? చాలకాలము వైద్యుడు అడుగుట, రోగియో భార్యయో జవాబు చెప్పుట తప్ప వేరు కొలత లేదు. కాలేయము ఇచ్చినవారియెదుట "మరల త్రాగుచున్నాను" అని ఒప్పుకొనుట ఎవ్వరికిని తేలిక కాదు. ఇప్పుడు మంచి సాధనములు వచ్చినవి. ఆల్కహాలు వలన ఎఱ్ఱ రక్తకణముల పొరలో ఏర్పడు ఫాస్ఫటిడిలెథనాల్ అను పదార్థము రెండు, మూడు వారముల త్రాగుడును పట్టియిచ్చును. వెండ్రుకలలో చేరు ఇథైల్ గ్లూకురనైడు కొన్ని నెలల కథ చెప్పును. లియాన్ రోగుల కాలములో ఈ పరీక్షలు నేడున్నంత వాడుకలో లేవు.

అదే ఫ్రాన్సులో, మోంపెల్యే నగరపు వైద్యులు 2012లో వేరొక పత్రమును ప్రకటించిరి. మొదట ఏ జబ్బువలన మార్పిడి జరిగినను సరే, తరువాత మితిమీరి త్రాగినచో దీర్ఘకాలపు మనుగడ తగ్గునని వారి నిర్ణయము. ఒకే దేశము, ఇంచుమించు ఒకే కాలము, రెండు విరుద్ధ వాక్యములు! విరోధము పైపైనే కలదు. త్రాగుడు రోగులను మాత్రమే తీసికొన్నచో అందరికిని పాత త్రాగుడు ఉండనే యుండును. క్రొత్త త్రాగుడు దానిమీద చేర్చునది చిన్నదిగా కనిపించును. అందరు రోగులను తీసికొన్నచో పాత త్రాగుడు లేనివారు కూడ చేరుదురు; అప్పుడు భేదము బయటపడుటకు వీలు కలుగును. నల్లని గుడ్డమీద సిరా మరకను వెదకుట, తెల్లని గుడ్డమీద వెదకుట ఒకటి కాదు.

లియాన్ మాటను విమర్శించినంత మాత్రమున పత్రికల వారి నీతివాదమును అంగీకరించినట్లు కాదు. వారు చేయు తప్పు ఇంతకంటె మొరటుది. బ్రిటిషు ఫుట్‌బాలు ఆటగాడు జార్జి బెస్ట్ 2002లో మార్పిడి పొంది, మరల త్రాగి, 2005లో మరణించెను. అతని కథను త్రాగుడు రోగులందరికిని అతికించిరి. అమెరికా బేస్‌బాలు వీరుడు మికీ మాంటిల్ 1995 జూనులో మార్పిడి పొంది ఆగస్టులోనే మరణించెను; విలువైన కాలేయము ఒక త్రాగుబోతుకు వృథా అయినదని కొందరు వ్రాసిరి. అతనికి మార్పిడికి ముందే కాలేయములో క్యాన్సరు, హెపటైటిస్ సి వ్యాధి రెండును ఉండెను. ఉన్న క్యాన్సరే వ్యాపించినది. పాత క్యాన్సరు తిరుగబెట్టుట, క్రొత్తది పుట్టుట వేర్వేరు సంగతులు. డాలస్ అను టెలివిజను నాటకములో ప్రసిద్ధుడైన నటుడు ల్యారీ హాగ్మన్ కూడ 1995లోనే మార్పిడి పొందెను. అతడు పదునారు సంవత్సరములు చక్కగా పనిచేసికొని, 2011లో తనకు క్యాన్సరు వచ్చినదని ప్రకటించెను. అది గొంతుకు సంబంధించినదని తెలిసినది. 2012లో మరణించెను. ఒక్క మనిషి చరిత్రతో కారణము తేలదు. కాని "వృథా" అనువారు ఆ పదునారు సంవత్సరములను లెక్కలో వేయుట మరచుచున్నారు.

భారతదేశములో కాలేయ మార్పిడి మొదట సఫలమైనది 1998లో. ఇక్కడి రోగులకు ఐరోపా నిర్ణయములను ఉన్నవున్నట్లుగా దింపుకొనుట కూడ ప్రమాదమే. ఆ లెక్కలలో పొగాకు అనగా సిగరెట్టు. ఇక్కడ చుట్ట, బీడి, జర్దా, గుట్కా అనేక రూపములున్నవి. నిప్పుకొసను నోటిలోపల పెట్టుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, ప్రసిద్ధము. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, ఆయన సహచరులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగుడిమీద దానివలన కలుగు మార్పులను 1971లో వర్ణించిరి. అట్టి అంగుడి గలవానికి రోగనిరోధక శక్తిని అణచు మందులు, దానిపై మద్యము చేరినచో ఫలితము లియాన్ పట్టికలలో దొరకదు.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2023లో ఇంకొక ప్రశ్నకు జవాబు చెప్పినది. మద్యము తగ్గించినను, మానినను క్యాన్సరు అపాయము తగ్గునా? నోరు, అన్నవాహిక విషయములో తగ్గుననుటకు చాలినంత నిదర్శనము కలదు. స్వరపేటిక, పెద్దప్రేగు, రొమ్ము విషయములో కొంత కలదు. కాలేయము విషయములో నిర్ణయించుటకు చాలదు. ఇది సామాన్య ప్రజలను గూర్చిన నిర్ణయమే గాని, మార్పిడి పొందినవారిని గూర్చి ప్రత్యేకముగా చేసినది కాదు. అయినను జాబితాలో మొదట నిలిచిన రెండు అవయవములును, శస్త్రవైద్యుడు మార్చలేని ఆ పాత అవయవములే. పలు మార్పిడి కేంద్రములలో నేడు త్రాగుడు, పొగ అలవాట్లుండిన రోగులను రక్తపరీక్షలతో పంపివేయక, సంవత్సరమున కొకసారి నోరు తెరిపించి, దీపము వేసి, నాలుక క్రింద, గొంతు లోపల పరీక్షించుచున్నారు.